ఇంజను చమురును చల్లబరచిన చరిత్ర

ఎద్దుబండిని దూరప్రయాణమునకు కట్టుటకు ముందు రైతు చేయు మొదటి పని ఇరుసుకు కందెన పెట్టుట. ఆముదములో గడ్డి మసి కలిపి చేసిన ఆ నల్లని ముద్ద లేనిచో చక్రము కిర్రుమని మొరపెట్టును. ఆ మొర వినకుండ ఇంకను తోలినచో ఇరుసు వేడెక్కి అరిగిపోవును. కాని గంటకు మూడు నాలుగు మైళ్లు నడచు బండికి కందెన పెట్టుట ఒక్కటే చాలును. ఆ కందెననే చల్లబరచవలసిన అవసరము ఏ రైతుకును కలుగలేదు.

ఇంజను పుట్టిన పిదప ఆ అవసరము కలిగెను. పాత జీపులకును, పాత లాండ్ రోవరు బండ్లకును ముందు భాగమున, నీటి రేడియేటరు ఎదుట, మరియొక చిన్న రేడియేటరును అమర్చుట కొన్నిచోట్ల కనబడును. అందులో పారునది నీరు కాదు, ఇంజను చమురు. దీనినే ఆయిల్ కూలరు అందురు. చూచుటకు ఇది సామాన్యమైన గొట్టముల చట్రము. కాని దీని వెనుక నూట నలువది సంవత్సరముల చరిత్ర కలదు. రైలు ఇరుసులు, పందెపు విమానములు, ఎడారి యుద్ధము, చివరకు ఒక కారులోని మూడవ సిలిండరు పడిన బాధ, ఇవన్నియు ఆ చరిత్రలోని ఘట్టములే.

బిరడా బయటపెట్టిన రహస్యము

1883వ సంవత్సరమున ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులపై ప్రయోగములు చేయుచుండెను. తిరుగుచున్న ఇరుసు అడుగు భాగము నూనె తొట్టిలో మునిగి యుండును; పైన బేరింగు బరువు మోయుచుండును. నూనె పోయుటకై టవర్ బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగగానే ఆ రంధ్రము నుండి నూనె పైకి ఉబికి వచ్చెను. బిరడా బిగించిరి, అది ఊడిపోయెను. కొయ్యమేకు దిగగొట్టిరి, అదియును బయటికి నెట్టబడెను. అప్పుడు పీడనమాపకమును పెట్టి చూడగా అది చదరపు అంగుళమునకు 200 పౌండ్లకు మించి చూపెను. బేరింగుపై పెట్టిన సగటు బరువు అందులో సగమే, చదరపు అంగుళమునకు సుమారు 100 పౌండ్లు!

దీని భావము ఏమి? ఇరుసు బేరింగును తాకుట లేదు. ఆ రెండింటి నడుమ ఒక పలుచని నూనె పొర బరువునంతటిని మోయుచున్నది. మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో ఆచార్యుడైన ఆస్బర్న్ రేనాల్డ్స్ ఈ వింతకు 1886లో గణితరూపమున కారణము చెప్పెను. తిరుగుచున్న ఇరుసు తనతో నూనెను ఈడ్చుకొని పోయి, క్రమముగా ఇరుకగు సందులోనికి త్రోయును. నూనెకు స్నిగ్ధత, అనగా పారుటకు ఎదురు నిలుచు గుణము, ఉన్నందున అది వెంటనే తప్పించుకొనలేదు. ఆ ఇరుకులో పుట్టిన పీడనమే బరువును ఎత్తి నిలుపును.

రేనాల్డ్స్ అంతటితో ఆగలేదు. ఆలివ్ నూనెను వేరువేరు ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించి, వేడి పెరిగిన కొలది స్నిగ్ధత వేగముగా పడిపోవునని చూపెను. ఆముదము విషయములోను ఇంతే. 40 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఆముదము స్నిగ్ధత సుమారు 250 సెంటీస్టోకులు. 100 డిగ్రీల వద్ద సుమారు 20 మాత్రమే. ఆరవై డిగ్రీల తేడాలో స్నిగ్ధత పన్నెండవ వంతునకు దిగినది.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. నూనె కొంచెము పలుచనగుట మేలే; దాని లోపలి ఘర్షణ తగ్గును, కనుక వేడియు తగ్గును. కాని ఆ పొర మందము లోహముల గరుకుదనముతో సమానమగునంతగా తగ్గినచో లోహము లోహమును రాపాడును. అప్పుడు ఘర్షణ ఒక్కసారిగా పెరుగును, వేడి పెరుగును, నూనె మరింత పలుచనగును. పాత ఇంజనుల బేరింగులలో తగరము ముఖ్యముగా గల బాబిట్ లోహమును వాడెడివారు. అది సుమారు 240 డిగ్రీల వద్ద కరుగ నారంభించును. అది కరిగినచో ఇంజను నిలిచిపోవును. నూనె వేడి ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి తెలియును.

ఆముదముతో ఎగిరిన విమానములు

తొలి మోటారు కార్లలో నూనెను ప్రత్యేకముగా చల్లబరచువారు కారు. 1908లో వెలువడిన ఫోర్డు టి-మోడలు వంటి కార్లలో అడుగు తొట్టిలోని నూనె చిమ్మబడి భాగములపై పడుచుండెను. ఇంజను మెల్లగా తిరిగెడిది. తొట్టి అడుగున తగులు గాలి చాలెడిది.

విమానముల సంగతి వేరు. ఫ్రాన్సులో సెగాఁ సోదరులు నిర్మించిన నోమ్ ఇంజనులో సిలిండర్లే గిరగిర తిరిగెడివి. మొదటి ప్రపంచ యుద్ధమున ఇట్టి ఇంజనులు పెక్కు యుద్ధవిమానములను నడపినవి. వాటిలో పెట్రోలు ఆవిరి ఇంజను గర్భము గుండానే పోయెడిది. ఖనిజపు నూనె పెట్రోలులో సులువుగా కరిగి కొట్టుకొనిపోవును. ఆముదము అట్లు కరుగదు. కనుక ఆ ఇంజనులకు ఆముదమే కందెన అయ్యెను. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల మెట్టభూములలో చిరకాలముగా పండిన ఆముదపు పంటకు ఆకాశయానముతో ఈ విధముగా చుట్టరికము కలదు. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీ 1909లో తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అను పేరు కూడ క్యాస్టర్, అనగా ఆముదము, అను మాట నుండి వచ్చినదే.

ఆ ఇంజనులలో నూనె తిరిగి తొట్టికి వచ్చెడిది కాదు. ఒకసారి పనిచేసి, పొగతో కలసి బయటికి చిమ్మబడెడిది. కొంత విమానచోదకుని ముఖముపై పడెడిది. ఆ ఆవిరి పీల్చిన వారికి ఆముదము త్రాగిన ఫలితమే కలిగెడిది. నూనె తనతో వేడిని గూడ బయటికి మోసికొనిపోవును గనుక దానిని చల్లబరచు ప్రశ్నయే పుట్టలేదు. కాని ఈ పద్ధతిలో వ్యయమెక్కువ. ఒకే నూనెను మరల మరల త్రిప్పు ఇంజనులు వచ్చినప్పుడు, నూనె మోసికొనివచ్చిన వేడిని ఎచ్చటనో దింపుట తప్పనిసరియయ్యెను.

ఎగిరెడి రేడియేటరు

ఈ సమస్యకు అత్యంత సాహసమైన పరిష్కారము సముద్రవిమానముల పందెములో కనబడెను. ష్నైడర్ ట్రోఫీ అను ఆ పందెమునకై ఇంగ్లండులో రెజినాల్డ్ మిచెల్ విమానములను రూపొందించెను. గాలికి అడ్డుపడు ప్రతి వస్తువును తీసివేయవలెనని ఆయన పట్టుదల. సాధారణపు రేడియేటరు గాలికి గొప్ప అడ్డంకి. కనుక ఆయన రెక్కల పైపొరనే నీటి రేడియేటరుగా చేసెను. నూనెకై విమానపు దేహము ప్రక్కల పొడవునా పలుచని కాలువలు అమర్చెను. ఇంజను నుండి వేడినూనె ఆ కాలువల గుండ తోక వద్ద నిలువు రెక్కలోని తొట్టికి పోయి, చల్లబడి, తిరిగి వచ్చెడిది. విమానమంతయు ఎగిరెడి రేడియేటరు అయ్యెను.

సూపర్‌మెరీన్ ఎస్.6బి అను ఈ విమానము 1931 సెప్టెంబరు 29న గంటకు 407.5 మైళ్ల వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఇంజను శక్తి 2,300 అశ్వశక్తికి పైబడి యుండెను. తర్వాత మిచెల్ రూపొందించిన స్పిట్‌ఫైరు తొలి రకములలో నూనె కూలరు ఎడమ రెక్క క్రింద ప్రత్యేకముగా కనబడును. అప్పటికి విమాన ఇంజనులలో నూనెను చల్లబరచుట విడదీయరాని భాగమైపోయెను. నేలమీది బండ్లకు ఆ విద్య ఇంకను పూర్తిగా దిగి రాలేదు.

ఎడారి నేర్పిన పాఠము

బ్రిటిషు సైన్యపు ఇంజనీరు రాల్ఫ్ బాగ్నాల్డ్ 1920 దశకము చివర ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని దాటుటకు పూనుకొనెను. వదులు ఇసుకలో బండి మెల్లగా కదలును. ఇంజను మాత్రము బలముగా తిరుగును. రేడియేటరు నీరు మరిగి ఆవిరియై పోవును. ఎడారిలో ఆ నీరే మనుష్యుల ప్రాణము. బాగ్నాల్డ్ రేడియేటరు పొంగుగొట్టమును బయటికి వదలక, సగము నీరు నింపిన ఒక డబ్బాలోనికి త్రిప్పెను. ఆవిరి ఆ నీటిలో చల్లబడి నీరగును. డబ్బా కూడ మరగసాగినచో బండిని గాలికి ఎదురుగా నిలిపి కొంతసేపు ఆగుదురు. ఇంజను చల్లబడగానే ఆ నీరంతయు తిరిగి రేడియేటరులోనికి పీల్చుకొనబడును. ఒక్క చుక్క వృథా కాదు. ఇసుక దిబ్బలు ఎట్లు ఏర్పడునో శాస్త్రీయముగా వివరించిన గ్రంథమును 1941లో ప్రకటించినవాడును ఈ బాగ్నాల్డే.

1940లో ఆయన ఈజిప్టులో నెలకొల్పిన ఎడారి దళము ఈ ఉపాయమును యుద్ధమున వాడెను. అదే సంవత్సరము సెప్టెంబరు 23న అమెరికాలో బాంటమ్ కంపెనీ తొలి జీపు నమూనాను సైన్యమునకు అప్పగించెను. విల్లీస్ కంపెనీ ఇంజనుతో ఆ బండి స్థిరరూపము పొందెను. విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలసి యుద్ధకాలమున ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసెను. 1942 జూలైలో బ్రిటిషు దళము ఒకటి 18 జీపులతో సిదీ హనీష్ విమానస్థలముపై రాత్రిదాడి జరిపెను. ఆ ఎడారి జీపుల ముందు పట్టీలలో చాల వరకు కోసివేసి, రేడియేటరుకు ఎక్కువ గాలి తగులునట్లు చేసి, ముందు భాగమున ఆవిరి డబ్బాను బిగించిరి.

ఇచ్చట గమనింపదగిన భేదమొకటి కలదు. నీరు 100 డిగ్రీల ప్రాంతమున మరుగును. మరుగుట ద్వారా తన ఉష్ణోగ్రతకు తానే హద్దు వేసికొనును. ఆవిరి రూపమున చోదకునికి హెచ్చరికయు చేయును. నూనెకు అట్టి హద్దు లేదు. 130, 140 డిగ్రీలు దాటినను అది నిశ్శబ్దముగా పలుచనగుచు, గాలిలోని ఆక్సిజనుతో కలసి చెడుచుండును. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడు ఈ చెడుట సుమారు రెట్టింపగునని ఇంజనీర్ల అంచనా. యుద్ధకాలపు జీపులో నీటి ఉష్ణోగ్రత ముల్లు, నూనె పీడనపు ముల్లు ఉండెను గాని నూనె ఉష్ణోగ్రతను తెలుపు ముల్లు లేదు. వేడెక్కిన నూనె పీడనము తగ్గినప్పుడే చోదకునికి విషయము తెలిసెడిది.

మూడవ సిలిండరు కథ

అదే ఎడారిలో జర్మను సైన్యము ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఫోక్స్‌వాగను కుబెల్‌వాగన్ బండ్లను నడిపెను. వీటిలో నీరే లేదు. ఇంజను గాలితో చల్లబడును. నీరు లేని ఇంజనులో నూనె మోయు వేడి భాగమెక్కువ. కనుక నిర్మాతలు ఇంజనుపైనున్న పంకా గూటిలోనే ఒక చిన్న నూనె కూలరును నిలువుగా అమర్చిరి. నాలుగు చక్రములతోను నడిచి, నీటిలో ఈదగల ష్విమ్‌వాగన్‌కును ఇదే జాతి ఇంజను.

ఈ అమరికలో ఒక లోపము దాగి యుండెను. కూలరు గుండ పోయి వేడెక్కిన గాలియే దాని క్రిందనున్న మూడవ సిలిండరుకు చేరెడిది. తక్కిన సిలిండర్లకు చల్లని గాలి, దీనికి వేడిగాలి. యుద్ధానంతరము లక్షలకొలది తయారైన బీటిల్ కార్లలో మూడవ సిలిండరు వాల్వు కాలిపోవుట మెకానిక్కులకు అలవాటైన విషయము. ఆ ఒక్క సిలిండరుకు మాత్రము మెరుపును కొంచెము ఆలస్యముగా ఇచ్చునట్లు పెక్కు బండ్లలో ఏర్పాటు చేసిరి. తుదకు 1971 మోడలు నుండి కూలరును ప్రక్కకు జరిపి, దాని వేడిగాలి ఏ సిలిండరుకును తగులక బయటికి పోవుటకు ప్రత్యేకమైన దారి కల్పించిరి.

ముప్పది ఏండ్లకు పైగా సాగిన ఈ కథ ఒక భౌతికశాస్త్ర సూత్రమునకు చక్కని ఉదాహరణము. కూలరు వేడిని నశింపజేయదు. ఒకచోటి నుండి మరియొక చోటికి చేర్చును. చేరిన చోటు ఏదో చూడకుండ అమర్చిన కూలరు ఒక భాగమును కాపాడి మరియొక భాగమును బాధించును.

నిలిచిన బండి, తిరుగు ఇంజను

1948 ఏప్రిలు 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో లాండ్ రోవరు తొలిసారి లోకమునకు కనబడెను. దీనిని రూపొందించిన మారిస్ విల్క్స్ దృష్టిలో అది ప్రధానముగా వ్యవసాయపు బండి. బండిని నిలిపి దాని ఇంజనుతో రంపమును, పంపును త్రిప్పు ఏర్పాటు అందులో ఉండెను. నిలిచిన బండికి ఎదురుగాలి తగులదు. పంకా ఒక్కటే దిక్కు. అందుచేతనే నిలకడ పనులకును, ఎండ మెండుగా గల దేశములకును నూనె కూలరును అదనపు పరికరముగా కంపెనీయే అమ్మెను.

కొండదారిలోను స్థితి ఇట్టిదే. యుద్ధకాలపు జీపు లెక్క చూడవచ్చును. తక్కువ వేగపు మొదటి గేరులో గేరుపెట్టె నిష్పత్తి 2.665, బదిలీపెట్టె నిష్పత్తి 1.97, ఇరుసు నిష్పత్తి 4.88. మూడింటిని గుణించినచో సుమారు 25.6. ఇంజను నిముషమునకు 3,000 సార్లు తిరిగినప్పుడు చక్రము 117 సార్లు మాత్రమే తిరుగును. చక్రము చుట్టుకొలత సుమారు 2.24 మీటర్లు గనుక బండి వేగము గంటకు 16 కిలోమీటర్లు మించదు. అదే ఇంజను వేగముతో పై గేరులో బండి గంటకు 82 కిలోమీటర్లు పోగలదు. ఇంజను శ్రమ తగ్గలేదు; చల్లబరచు గాలి మాత్రము అయిదవ వంతునకు దిగినది.

కూలరు ఎంత వేడిని తీయగలదో గూడ లెక్కకట్టవచ్చును. నిముషమునకు 20 లీటర్ల నూనె దాని గుండ పారుననుకొందము. ఆ నూనె బరువు సుమారు 17 కిలోగ్రాములు; విశిష్టోష్ణము కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 2 కిలోజౌలులు. నూనె 10 డిగ్రీలు చల్లబడినచో నిముషమునకు 340 కిలోజౌలులు, అనగా సుమారు 5.7 కిలోవాట్లు బయటికి పోవును. గాలి విశిష్టోష్ణము అందులో సగమే. కనుక ఆ వేడిని తీసికొని గాలి 20 డిగ్రీలు పెరుగవలెనన్నచో నిముషమునకు 17 కిలోగ్రాముల గాలి, అనగా సుమారు 15 ఘనమీటర్ల గాలి, కావలెను. కూలరుకు అన్ని రెక్కలు ఎందుకో, దానిని గాలి బాగుగా తగులు చోటనే ఎందుకు పెట్టుదురో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

పాత బండికి కొత్త కూలరు

ఈ చరిత్ర నేర్పిన పాఠములు నేడు పాత బండికి కూలరు అమర్చువారికి సూటిగా ఉపయోగపడును. మొదట నూనె దారిని తెలిసికొనవలెను. కొన్ని ఇంజనులలో పంపు నుండి వచ్చు నూనె అంతయు వడపోత గుండ పోయిన పిదపనే బేరింగులకు చేరును. అట్టి ఇంజనులో వడపోతకును ఇంజనుకును నడుమ ఒక బిళ్లను చొప్పించి, రెండు గొట్టముల ద్వారా నూనెను కూలరుకు పంపి తిరిగి రప్పింపవచ్చును. పాత విల్లీస్ జీపు ఇంజను అట్టిది కాదు. అందులో కొంత నూనె మాత్రమే సన్నని గొట్టము ద్వారా వడపోతకు పోయి, తొట్టిలోనికి దిగును. ఆ దారిలో కూలరు పెట్టినచో ఆ కొంత నూనెయే చల్లబడును. పెద్దగొట్టము వేసి ఎక్కువ నూనెను లాగినచో బేరింగుల పీడనము తగ్గి, మేలుకు బదులు కీడు కలుగును.

రెండవది, నూనె మరీ చల్లబడరాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టు నీటి ఆవిరి కొంత నూనెలో చేరును. నూనె తగినంత వేడెక్కిననే అది ఆవిరియై వెలుపలికి పోవును. లేనిచో బురదవంటి మడ్డి ఏర్పడును. కావున నూనె 80 డిగ్రీలు దాటిన పిదపనే కూలరు దారిని తెరచు థర్మోస్టాటు అవసరము. నూనెకు 90 నుండి 110 డిగ్రీలు అనుకూలమైన స్థితి.

మూడవది, గొట్టములు. ఇవి పీడనముతో వేడినూనెను మోయును. చట్రమునకు ఒరసికొని ఒక గొట్టము చిట్లినచో కొద్ది నిముషములలో నూనె అంతయు నేలపాలగును. కూలరును, గొట్టములను నింపుటకు అదనపు నూనె కూడ పోయవలెను. నాలుగవది మూడవ సిలిండరు పాఠమే: నీటి రేడియేటరు ఎదుట కూలరును పెట్టినచో దానికి చేరు గాలి కొంత వేడెక్కును. రేడియేటరు అంతకుముందే మురికితో నిండియున్నచో మొదట దానిని శుభ్రపరచుటయే సరియైన వైద్యము.

నేడు పెక్కు ఇంజనులలో ఇంజను నీటితోనే నూనెను చల్లబరచు చిన్న పరికరములు పుట్టుకతోనే అమర్చబడి యున్నవి. పెట్రోలు లేని విద్యుత్తు కార్లలో సైతము కొన్నిటియందు మోటారును చల్లబరచునది నూనెయే. జారుటకై పుట్టిన కందెన వేడిని మోయు కూలివానిగా గూడ మారినది.

ఉపాధ్యాయులు ఈ కథలోని మూలసూత్రమును తరగతిలోనే చూపవచ్చును. సన్నని కాడగల గరాటులో కొలిచిన ఆముదమును పోసి, అది పూర్తిగా కారుటకు పట్టిన కాలమును గడియారముతో గుర్తింపవలెను. పిదప అంతే ఆముదమును గిన్నెలోని వేడినీటిలో ఉంచి, 60 డిగ్రీల వరకు వెచ్చజేసి, మరల కొలువవలెను. నూనెను నేరుగా మంటపై పెట్టరాదు. రెండు కాలముల నడుమ భేదము చూచిన విద్యార్థికి, రేనాల్డ్స్ ఆలివ్ నూనెలో ఏమి చూచెనో, ఎడారిలో జీపు చోదకుడు పీడనపు ముల్లును ఏల అంత శ్రద్ధగా గమనింపవలసి యుండెనో విడమరచి చెప్పనక్కరలేదు.